హరితాచార్యులవారు

మన విశ్వవిద్యాలయములలో దేనికి కొరత యున్నను హరితాచార్యులకు కొరత లేదు. వారికి వృక్షశాస్త్రముతో సంబంధ ముండవలెనను నియమ మేమియు లేదు. నేనెరిగిన యొకరు వాణిజ్యశాస్త్రము బోధింతురు. గాంధీ శతజయంతి సందర్భమున 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకపు ప్రోగ్రాం ఆఫీసరు పదవి, ఎవరికిని అక్కరలేక చేతులు మారుచు వచ్చి వారి మెడను బడినది. పడిన నాటనుండి ఆదివరాహమూర్తివలె భూగోళమును వారొక్కరే మోయుచున్నారు.

వారి వైభవమును జూన్ 5వ తేదీన చూడవలెను. లోకమెల్ల 1973 నుండి ఆ దినమున పర్యావరణోత్సవము జరుపుకొనుచున్నది; తేదీ నిర్ణయించిన పెద్దలకు మన రోహిణికార్తె సంగతి తెలియదు కాబోలు! రోళ్లు పగులు ఆ యెండలో, సెలవులకు ఇండ్లకు పోక హాస్టలున మిగిలిన పిల్లలను పోగుచేసి, హాజరు వేసెదననియు, సర్టిఫికెట్టు ఇచ్చెదననియు, రెండేండ్ల 240 గంటల సేవలో నేటి పూట జమకట్టెదననియు త్రివిధముల ప్రేరేపించి, ప్లాస్టిక్కును త్యజింపుడని ముద్రించిన ఫ్లెక్సీక్రింద వరుసగా నిలిపి, తలకొక ప్లాస్టిక్కు నీళ్లసీసా పంచి, వైస్ ఛాన్సలరుగారు వేంచేయగనే ఒక్క కానుగ మొక్కమీద డజను చేతులు పెట్టించి, "బాబూ, కాస్త ఎడమకు జరుగు, ఫ్లెక్సీ పడటంలేదు" అని ఫొటో తీయింతురు. పిదప ఉపన్యాసము. అందు ఖమ్మం జిల్లా వనజీవి రామయ్యగారి ప్రస్తావన విధిగా వచ్చును. పద్మశ్రీ పొందిన ఆ మహనీయుడు విత్తనములు మూటగట్టుకొని సైకిలుమీద తిరిగెనని గద్గదకంఠముతో చెప్పి, ఆచార్యులవారు కారెక్కి, ఎదురుగానున్న గెస్టుహౌసుకు భోజనమునకు బోవుదురు.

గుంత మాత్రము క్రొత్తది కాదు. నిరుడు నాటినది ఎండిపోవుటచే అది సిద్ధముగనే యుండును. "అయ్యగారూ, మృగశిర రానీయండి, నాలుగు చినుకులు పడ్డాక నాటుదాం" అని తోటమాలి ఏటేట మనవి చేయును. "మృగశిరకు వీసీగారు ఖాళీగా ఉండరయ్యా!" అని వీరు ఏటేట సెలవిత్తురు.

విద్యార్థులలో ఉత్సాహము చచ్చినదని వారి నిత్యవిలాపము. ఇది అన్యాయము. ఆ హాస్టలు పిల్లలే, ఎవరును చెప్పకుండ, మెస్సు గుమ్మము ప్రక్క బల్లమీద నిన్న పారబోసిన అన్నము ఎన్ని కిలోలో సుద్దముక్కతో వ్రాయ మొదలిడిరి. తన కంచములోనిది ఆ లెక్క కెక్కునని తెలిసినవాడు రెండవ గరిటె అడుగుటకు ముందు ఒక క్షణమాగును; కొలది దినములలోనే ఎంగిలి బకెట్టు సగమునకు దిగినది. ఈ వార్త చెవిని బడి పరుగున వచ్చిన ఆచార్యులవారు బల్లను ఆపాదమస్తకము పరికించి, "అంతా బాగానే ఉంది కాని, బ్యానరేదీ?" అనిరి.

అయ్యా, జూన్ 5న ఫొటో తీయించుకొనుడు, ఎవరికిని ఆక్షేపణ లేదు. మొక్కను మాత్రము మృగశిర ప్రవేశించిన పిమ్మట, ఆ పిల్లలచేతనే, తోటమాలి చూపినచోట నాటింపుడు. వైస్ ఛాన్సలరుగారికి తరువాత చెప్పవచ్చును.