రెండు కన్నాల డబ్బా

తెలుగునాట పాడేవాళ్లకి ఎప్పుడూ కొదవ లేదు. ఈమధ్య కొత్తగా ఇంకో తెగ బయల్దేరింది. వీళ్లు పాడరు. పాడటానికి ఏ డబ్బా కొనాలో పరిశోధిస్తూ ఉంటారు. ఆ డబ్బా పేరు ఆడియో ఇంటర్‌ఫేస్. అరచేతికంటే కాస్త పెద్దది. ముందు రెండు కన్నాలు, మూడు నాలుగు గుండీలు, వెనక ఒక యూఎస్‌బీ తోక. మైకులోంచి వచ్చే పిసరంత సిగ్నల్‌ని పెంచి, అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి అందించాలి. కంప్యూటర్ ఇచ్చిన అంకెల్ని మళ్లీ శబ్దంగా మార్చి హెడ్‌ఫోన్‌కి అందించాలి. దాని ఉద్యోగం ఇంతే. ఇంత చిన్న ఉద్యోగానికి ఇన్ని రౌండ్ల ఇంటర్వ్యూలు ఏ సర్వీస్ కమిషనూ పెట్టి ఉండదు.

మా మేనల్లుడు ఆ తెగవాడే. ఉండేది కూకట్‌పల్లిలో, చేసేది సాఫ్ట్‌వేర్. గొంతు మాత్రం నిజంగా బాగుంటుంది. ఇది మేనమామ అభిమానం కాదు, పెళ్లిళ్లలో విన్నవాళ్ల మాట. పోయిన సంక్రాంతికి "ఈ ఏడు మన ఊరి పాటలన్నీ రికార్డు చేసేస్తా మామయ్యా" అన్నాడు. దసరా కూడా వెళ్లిపోయింది. మొన్న వాళ్లింటికెళ్లి "ఏదీ, ఒక పాట వినిపించు" అంటే లాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీటు చూపించాడు. నిలువునా డబ్బాల పేర్లు, అడ్డంగా గుణగణాలు. బాగున్నవాటికి పచ్చరంగు కూడా వేశాడు. దాదాపు అన్నీ పచ్చగానే ఉన్నాయి.

"ఇన్నింట్లో ఏది మంచిదిరా?"

"అన్నీ మంచివే మామయ్యా. అదే సమస్య."

షీటులో మొదటి గడి శాంప్లింగ్ రేటు. 1982లో సీడీ వచ్చినప్పుడు శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిస్తే చాలన్నారు. మనిషి చెవికి మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా వినబడుతుంది, దానికి రెట్టింపు మీద కొంచెం ఎక్కువసార్లు కొలిస్తే ఆ శబ్దమంతా చిక్కుతుందన్నది లెక్క. ఆ 20,000 కూడా పసిపిల్లల చెవుల సంగతి. వయసు మళ్లేకొద్దీ అది దిగిపోతూ ఉంటుంది. నా చెవులైతే ఇంట్లో సరుకుల జాబితా చదివేటప్పుడు పూర్తిగా మూతబడతాయి. మావాడికి మాత్రం 192 కిలోహెర్ట్జ్‌కి తక్కువైతే నిద్ర పట్టదు. అంటే 96,000 హెర్ట్జ్ దాకా శబ్దాన్ని పట్టే ఏర్పాటు. ఆ ఎత్తులో వినగలిగేవి గబ్బిలాలు. గబ్బిలాలు ఇంతవరకు ఏ యూట్యూబ్ ఛానెల్‌కీ సబ్‌స్క్రైబ్ చేసిన దాఖలా లేదు. వాటి కోసం ఒక్కో స్టీరియో ట్రాక్ నిమిషానికి సుమారు 69 ఎంబీ చొప్పున హార్డ్ డిస్క్ నింపుతుంది. ఆఖరికి ఆ పాట వాట్సాప్‌లో నలిగి నలిగి మా అక్కయ్య ఫోన్ స్పీకర్‌లోంచి వస్తుంది. అదీ కుక్కర్ పక్కన.

తర్వాతి గడి డైనమిక్ రేంజ్, అంటే డబ్బా పట్టగల అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం. 16 బిట్లకి 96 డెసిబెళ్లు, 24 బిట్లకి కాగితం మీద 144. నిజం డబ్బాల్లో 110 నుంచి 120 దాకా వస్తాయి. గదిలో ఫ్యాను తిరుగుతుంటే 40, 50 డెసిబెళ్ల రొద దానిదే. దాని మీద ఎంత గొంతు చించుకుని పాడినా వాడకానికి వచ్చేది అరవయ్యో డెబ్బయ్యో. మిగతాది అద్దెకిచ్చుకోవచ్చు. 24 బిట్లు దండగని మాత్రం అనను. గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, కాస్త తగ్గించి పెట్టుకున్నా నష్టం ఉండదు, పై స్థాయికి వెళ్లినప్పుడు ఎర్రలైటు వెలుగుతుందేమోనన్న భయం లేకుండా పాడుకోవచ్చు. కానీ ఆ సుఖం ఇప్పుడు బజార్లో అతి చవక డబ్బాలు తప్ప అన్నింట్లోనూ ఉంది. అందరికీ ఉన్న గుణం మీద పోటీ పెట్టడం మావాడికే చెల్లింది.

ఇక తరాల గొడవ. ఊళ్లో సగం ఇళ్ల స్టూడియోల్లో కనిపించే ఎర్ర డబ్బా ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2. మొదటి తరం 2011లో వచ్చింది, రెండోది 2016లో, మూడోది 2019లో, నాలుగోది 2023లో. పన్నెండేళ్లలో నాలుగు తరాలు! మనకి పన్నెండేళ్లలో ఫ్లాటు ఈఎంఐ కూడా తీరదు. మూడో తరంలో మైకు గెయిన్ 56 డీబీ, నాలుగో తరంలో 69. షూర్ కంపెనీ ఎస్‌ఎం7బీ అని ఒక మైకు ఉంది, పాడ్‌కాస్టుల్లో అందరి మూతుల ముందూ వేలాడేది. దానికి కనీసం 60 డీబీ గెయిన్ కావాలని ఆ కంపెనీయే చెబుతుంది. కాబట్టి మూడో తరం డబ్బా పనికిరాదని మావాడు తేల్చేశాడు.

"ఆ మైకు నీ దగ్గరుందా?"

"లేదు మామయ్యా. రేపు కొంటే?"

వాడి దగ్గరున్నది మామూలు కండెన్సర్ మైకు. దానికి కావాల్సింది 48 వోల్టుల ఫాంటమ్ పవర్, ముప్పయ్యో నలభయ్యో డీబీల గెయిన్. అది మొదటి తరం డబ్బా కూడా ఇచ్చేది.

మైకు సిగ్నల్‌ని పెంచే ప్రీయాంపు తనంతట తాను ఎంత రొద చేస్తుందో చెప్పే అంకె ఇంకొకటి ఉంది. పేరున్న డబ్బాలన్నిట్లోనూ అది మైనస్ 127, మైనస్ 130 డీబీయూల మధ్యే తచ్చాడుతుంది. 150 ఓముల మైకుకి ప్రకృతి గీసిన గీత మైనస్ 131 దగ్గర ఉంది. ఆ గీత కింద ఎవడూ చోటు కొనలేడు. అయినా 127 గొప్పదా 129 గొప్పదా అని మావాళ్లు తెల్లవార్లూ కొట్టుకుంటారు, పైన ఫ్యాను మూడులో తిరుగుతుండగా.

ఫ్యానంటే గుర్తొచ్చింది. ఆ ఎర్ర డబ్బా మీద 'ఎయిర్' అని ఒక బటన్ ఉంటుంది. నొక్కితే గొంతుకి పైన కొంచెం మెరుపు వస్తుంది. మే నెలలో తలుపులు, కిటికీలు మూసి, ఏసీ కట్టేసి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ ఆ గాలి బటన్ నొక్కే కుర్రాణ్ణి చూస్తే నాకు జాలేస్తుంది. దీన్ని మించినది ఎస్‌ఎస్‌ఎల్ అనే కంపెనీ డబ్బా మీద ఉంది. దాని పేరు '4కే'. పాతకాలపు పెద్ద మిక్సింగ్ కన్సోల్‌లో ఉండే మెరుపునీ, చిటికెడు వక్రతనీ (డిస్టార్షన్) కలపడం దాని పని. అంటే వక్రత సున్నాకి దగ్గరగా ఉన్న డబ్బా కోసం ముందు వేలు పోయాలి, ఆ తర్వాత వక్రత కోసం బటన్ నొక్కాలి. మా రోజుల్లో ఆ రెండో పని టేపు రికార్డరు ఉచితంగా చేసిపెట్టేది.

లేటెన్సీ గురించి కూడా అడిగాను. అడగకుండా ఉండాల్సింది. పాడిన మాట కంప్యూటర్‌లోకి వెళ్లి హెడ్‌ఫోన్‌లోకి తిరిగొచ్చేసరికి పట్టే ఆలస్యం అది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ల బఫర్ పెడితే పోవడానికి 5.8 మిల్లీసెకన్లు, రావడానికి ఇంకో 5.8, పైన డబ్బావాడి దస్తూరీ కొంచెం. అంతా కలిపి పన్నెండు అనుకుందాం. ఆ వ్యవధిలో శబ్దం గాలిలో నాలుగు మీటర్లు వెళుతుంది. పెళ్లి పందిట్లో సన్నాయి ఆ చివర, డోలు ఈ చివర కూర్చున్నా తాళం తప్పిన పెళ్లి నేను చూడలేదు. అదీ భరించలేనివాళ్ల కోసం డబ్బా మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటుంది. అది వేస్తే గొంతు కంప్యూటర్ గడప తొక్కకుండానే చెవికి చేరుతుంది. మావాడికి ఈ మీట సంగతి తెలుసు. కానీ దానికి ఎక్సెల్‌లో గడి లేదు, ఎందుకంటే వాడి షీటులోని డబ్బాలన్నిటికీ అది ఉంది.

నిజంగా పట్టించుకోవాల్సిన సంగతి ఒక్కటుంది. దాన్ని ఎవరూ షీటులోకి ఎక్కించరు. అది గోడలో ఉంటుంది. మన పాత అపార్ట్‌మెంట్లలో సాకెట్టుకి మూడు కన్నాలు ఉంటాయి, పైన ఉన్న పెద్ద కన్నం వెనక వైరు ఉండదు. ఎర్తింగ్ లేని చోట లాప్‌టాప్ చార్జర్ పెట్టి రికార్డు చేస్తే పాట వెనక 'జుమ్' అని ఒక హోరు. చార్జర్ పీకేస్తే మాయం. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని నాలుగు రెట్లు 200. ఐదు శ్రుతిలో పాడేవాళ్ల ఆధార షడ్జమం 196. అంటే మన కరెంటు మీటరు మన ఇంట్లో పగలూ రాత్రీ ఐదు శ్రుతికి ఓ పిసరు పైన తంబురా మీటుతోందన్నమాట, యూనిట్ల చొప్పున బిల్లు వేసి మరీ. లక్ష రూపాయల డబ్బా కొన్నా ఈ తంబురా ఆగదు. కాకపోతే మరింత స్పష్టంగా వినిపిస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వైరు లాగిస్తే ఆగుతుంది. మావాడు ఎలక్ట్రీషియన్‌ని పిలవలేదు. హోరు తీసేసే సాఫ్ట్‌వేర్ ఏది మంచిదో ఇంకో షీటు మొదలుపెట్టాడు.

గది సంగతీ అంతే. గోడలకి గుడ్ల అట్టలు అతికించాడు. అవి ప్రతిధ్వనిని ఆపవు, బల్లుల్ని మాత్రం ఆదరిస్తాయి. చీరల బీరువా తలుపులు బార్లా తీసి, వెనక ఒక బొంత వేలాడదీసి, వాటి మధ్య నిలబడి పాడితే ఇంతకంటే మేలని చెప్పాను. "అది ప్రొఫెషనల్‌గా ఉండదు మామయ్యా" అన్నాడు. వీడియోలో బాగుండదని వాడి భావం.

నేనూ ఊరుకోలేక చరిత్ర తీశాను. 1902లో కలకత్తాలో ఒక హోటల్ గదిలో గాయని గౌహర్ జాన్ రికార్డు కోసం పాడింది. మైకు లేదు, రికార్డింగుకి కరెంటుతో పనే లేదు. ఒక పెద్ద గొట్టంలోకి మొహం పెట్టి పాడితే దాని చివర సూది మైనం మీద గీతలు గీసింది. 1957లో విడుదలైన 'మాయాబజార్' పాటలు రికార్డయిననాటికి ట్రాకుల మీద ట్రాకులు వేసుకునే సుఖం మనవాళ్లకి లేదు. పాడేవాళ్లు, వాయించేవాళ్లు అందరూ ఒకేసారి, ఎవరు తప్పినా మళ్లీ మొదటి నుంచి. 1967లో వచ్చిన 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్‌ని బీటిల్స్ చేసింది నాలుగు ట్రాకుల టేపు మిషన్ల మీద. మావాడి ఫోన్‌లో అంతకంటే ఎక్కువ ట్రాకులున్నాయి. రెహమాన్ 1992లో 'రోజా' పాటలకి పనిచేసింది ఇంటి పెరట్లో కట్టుకున్న స్టూడియోలో. 2019లో బిల్లీ ఐలిష్ ఆల్బమ్ అయితే లాస్ ఏంజెలిస్‌లో వాళ్ల అన్న పడగ్గదిలో తయారై, మరుసటి ఏడు గ్రామీలు పట్టుకుపోయింది.

మావాడు ఓపిగ్గా అంతా విని, "అప్పట్లో వాళ్లకి ఆప్షన్లు లేవు కదా మామయ్యా, అందుకే పాడేశారు" అన్నాడు. ఈ తెగ గురించి నేను రాయగలిగినదంతా వాడు ఒక్క వాక్యంలో చెప్పేశాడు.

సరే, తీర్పు చెప్పేస్తాను. ఒక్కరే పాడుకునేవాళ్లకి రెండు కన్నాలు చాలు. మైకుకి ఒకటి, గిటారుకో కీబోర్డుకో ఒకటి. నలుగురు డప్పులవాళ్లని ఒకేసారి పట్టాలనుకునేవాళ్లకి నాలుగో ఎనిమిదో మైకు ఇన్‌పుట్లు కావాలి, వాళ్ల కష్టం వేరు. విండోస్ వాడేవాళ్లు డబ్బా కంపెనీ లేటెన్సీ తగ్గించే సొంత ఏసియో డ్రైవర్ ఇస్తోందో లేదో చూసుకోవాలి. బజార్లో దొరికే మరీ చవక డబ్బాలు దెబ్బతినేది అక్కడే. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, ఫాంటమ్ పవర్, డైరెక్ట్ మానిటర్ ఉంటే పేరు ఏదైనా, రంగు ఏదైనా తీసుకోవచ్చు. మిగిలిన డబ్బుతో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి మైకుకి గట్టి కానన్ కేబుల్ ఒకటి, స్టాండు ఒకటి కొని, దారిలో ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చెయ్యండి.

నాలుగో తరం కొనేసి మూడో తరాన్ని అల్మరాలో పడేసిన పెద్దలకి ఒక మనవి. మీ ఊళ్లో, మీ వీధిలో ఫోన్ మైకులోకే పాడి పాటలు పెడుతున్న పిల్లలున్నారు. వాళ్ల దగ్గర ఎక్సెల్ షీటు లేదు, పాటలున్నాయి. ఆ పాత డబ్బా సగం ధరకి వాళ్లకి ఇచ్చేయండి. అట్టపెట్టె, బిల్లు లేకపోయినా ఫరవాలేదు. యూఎస్‌బీ కేబుల్ మాత్రం మరిచిపోకండి.