ఆదివారం పది గంటల ఉప్పు

ముప్పై రెండేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి. ఏడు యాభైలు ఎంతో నాకు తెలుసు. తెలిసీ మూడు నెలలు వెర్రివాణ్ణయ్యాను.

రిటైరైన ఏడాది సంక్రాంతికి రిఫ్రాక్టోమీటరు కొన్నాను. రొయ్యల చెరువుల వాళ్ళ దగ్గర ఉండేదే. జానెడు గొట్టం, కొసన ఏటవాలు గాజు. గాజు మీద రెండు చుక్కలు నీళ్ళు వేసి, మూత వాల్చి, వెలుతురుకేసి పట్టుకుని చూస్తే లోపల పైన నీలం, కింద తెలుపు. ఆ రెండూ కలిసే గీత ఎక్కడ నిలిస్తే అంత ఉప్పు. మంచినీళ్ళకి సున్న, సముద్రానికి 35 దగ్గర.

కాలవ నీళ్ళు తాగే మండపేట మనిషికి దీంతో పనేమిటని మా ఆవిడ అడిగింది. గౌతమి మొగ దగ్గర నీరు కాలాన్నిబట్టి ఎలా మారుతుందో రాసిపెడతానన్నాను. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ దాళ్వా పంట రోజుల్లో నీళ్ళన్నీ కాలవలకే. ధవళేశ్వరం దిగువకి వెళ్ళేది అంతంతమాత్రం. ఖాళీ అయిన ఏట్లోకి సముద్రం ఎగబాకుతుంది. కాబట్టి వారం వారం ఉప్పు మెట్టుమెట్టుగా పెరగాలని నా ఊహ.

ప్రతి ఆదివారం మొదటి బస్సు, ద్రాక్షారామంలో భీమేశ్వరుడి దర్శనం, సరిగ్గా పదింటికి యానాం రేవు. మెట్ల మీద వంగి చెంబు ముంచడం, గీత చూడడం, నోటుబుక్కులో రాయడం. పది అంటే పదే. టైము తప్పకపోవడమే శాస్త్రమని నమ్మినవాణ్ణి.

గ్రాఫు మెట్లలా రాలేదు, రంపం పళ్ళలా వచ్చింది. ఒక ఆదివారం ఉప్పు, మరుసటి ఆదివారం చప్పన. ఆరు వారాలు అదే వరస. ఇంత క్రమంగా జరుగుతోందంటే వెనక మనిషి చెయ్యి ఉండాలి కదా! చెరువుల వాళ్ళు పదిహేను రోజులకోసారి ఉప్పునీళ్ళు ఏట్లోకి వదిలేస్తున్నారని తేల్చేసి, గ్రాఫు జతచేసి ఒక ఆఫీసుకి అర్జీ పెట్టాను. ఐ.పోలవరం వైపు మా బావమరిదికీ రెండు చెరువులున్నాయి. "బావగారూ, మేం నీళ్ళు తోడుకునేవాళ్ళం, మీకు ఉప్పు ఎక్కడ దాచిపెడతాం?" అన్నాడు. ఉగాదికి ఇంటికి రాలేదు.

ఆపైన అసలు విడ్డూరం. మార్చి నెలాఖరుకి పళ్ళు అరిగి, గీత దాదాపు చదునైపోయింది. అర్జీ పనిచేసిందని వీధిలో పదిమందికి చెప్పుకున్నాను. చేసిన తప్పులన్నిట్లోకీ ఇది తల్చుకుంటేనే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఏప్రిల్లో ఒకనాడు రేవులో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన అడిగాడు: "మేష్టారండీ, మూణ్ణెల్లుగా చూత్తన్నాను. ఇంతకీ తవరు పోటులో ముంచుతున్నారా, పాటులో ముంచుతున్నారా?"

పదింటికి ముంచుతున్నానన్నాను.

"ఆయ్, ఏటికి పదేంటండి!"

బస్సులో కూర్చుని నోటుబుక్కు వెనక పేజీలో లెక్క వేశాను. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఏడు రోజులకి 350 నిమిషాలు, అంటే పది నిమిషాలు తక్కువ ఆరు గంటలు. పోటుకీ పాటుకీ మధ్య ఎడం ఆరు గంటల పది నిమిషాల పైచిలుకు. అంటే ఒక ఆదివారం నేను ముంచింది పోటు నీరు, మరుసటి ఆదివారం పాటు నీరు. తేడా వచ్చిన ఆ ఇరవై నిమిషాలూ వారం వారం పోగై తొమ్మిది వారాలకి మూడు గంటలయ్యాయి. దాంతో అటు పోటూ కాని, ఇటు పాటూ కాని వేళకి నా చెంబు దిగింది. అర్జీ ప్రభావం అదీ.

ఇంటికొచ్చి వంటింటి గోడకున్న పంచాంగం క్యాలెండరు తిప్పి చూశాను. మొదట్లో ఉప్పెక్కిన ఆదివారాలన్నీ అమావాస్యకో పున్నమికో దగ్గరివి. చప్పనివి అష్టమి పక్కన. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ కేంద్రం వాళ్ళు ఇదే యానాం దగ్గర రోజూ నీళ్ళు తీసి పరీక్షించారని తర్వాత చదివాను. వారానికోసారి వెళ్ళి వాళ్ళని మించిపోదామనుకున్నాను నేను. పైగా ఉప్పునీరు బరువు, అడుగునుంచి వస్తుంది. నేను ముంచిందేమో మెట్టు మీది చెంబెడు.

అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని మళ్ళీ ఉత్తరం రాశాను. తాపేశ్వరం కాజాలు పట్టుకుని బావమరిది ఇంటికి వెళ్ళాను. కాజాలు తీసుకున్నాడు. ఇప్పటికీ శనివారం రాత్రి ఫోన్ చేసి, "బావగారూ, రేపు పదింటికి తూము ఎత్తమంటారా?" అంటాడు.

ఇంతైనా బుద్ధి వచ్చిందా? జులైలో ఎర్రనీరు దిగింది. పోటు వేళ చూసుకునే వెళ్ళి ముంచాను. గీత సున్న మీదే ఉంది. మర్నాడు పాటులోనూ సున్నే. పరికరం పాడైందని రసీదుతో సహా కొన్న దుకాణానికి పట్టుకెళ్ళాను. కౌంటరు దగ్గరి కుర్రాడు గ్లాసులో చిటికెడు ఉప్పు కలిపి రెండు చుక్కలు వేసి చూపించాడు. గీత బుద్ధిగా పైకెక్కింది.

"బానే ఉందండి. గోదారొచ్చిందండి, అంతే."

రసీదు మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాను.