పందెంకోడికి గ్యాలరీ, ఆడపిల్లకు కుర్చీ

2025 జనవరి రెండో వారంలో మన దేశపు మహిళల ఫుట్సాల్ జట్టు మొట్టమొదటిసారి అంతర్జాతీయ పోటీకి దిగింది. ఇండోనేసియాలోని యోగ్యకర్తలో, ఆసియా కప్పు అర్హత పోటీలు. సరిగ్గా అదే వారం మన కృష్ణా డెల్టాలో కూడా అంతర్జాతీయ స్థాయి క్రీడ ఒకటి జరిగింది. కోళ్ళు ఆడాయి.

అంతర్జాతీయం అని ఊరికే అనడం లేదు. డాలస్ నుంచి దిగిన అల్లుడు, దుబాయి నుంచి దిగిన బావమరిది, హైదరాబాదు నుంచి కార్లేసుకొచ్చిన తోడల్లుళ్ళు, అందరూ బరి దగ్గరే. వరి కోసిన మడి చూస్తుండగానే స్టేడియం అయిపోయింది. రోలరు తిప్పారు, కంచె కట్టారు, గ్యాలరీ లేపారు. ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ తెర, పార్కింగు, పక్కనే బిర్యానీ కౌంటరు. ఈ ఆటను 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం వద్దంటుంది, 1974 నాటి మన రాష్ట్ర జూద చట్టం వద్దంటుంది, కోర్టులు ఏటా వద్దంటాయి. ఇంతమంది వద్దన్న ఆటకే ఇంత స్టేడియం లేస్తే, ఎవరూ వద్దనని ఆటకు ఎంత లేవాలి? ఆ లెక్కన బందరులో ఒకటి, గుడివాడలో ఒకటి, అవనిగడ్డలో ఒకటి ఈపాటికి లేచి ఉండాలి. నేను చిన్నప్పటి నుంచీ లెక్కల్లో వీకు.

ఫుట్సాల్ అంటే కప్పు కింద, గచ్చు మీద ఆడే ఫుట్‌బాల్. 1930లో ఉరుగ్వేలో సెరియానీ అనే మేష్టారు మొదలెట్టాడు. జట్టుకు ఐదుగురు. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న చదునైన నేల చాలు. బంతి కాస్త చిన్నది, అంతగా ఎగరదు. ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, బంతి ఆగితే గడియారం కూడా ఆగుతుంది. గీత దాటిన బంతిని 4 సెకన్లలో లోపలికి తన్నాలి, లేదంటే అవతలి జట్టుకు ఇచ్చేస్తారు. ఒక భాగంలో జట్టు మొత్తం మీద ఐదు తప్పుల వరకూ ఓర్చుకుంటారు. ఆరోది చేస్తే అడ్డంగా గోడ కట్టి నిలబడే అవకాశం కూడా ఉండదు, తిన్నగా గోలు మీదికే కొడతారు. ఈ నిబంధన మన మున్సిపాలిటీలకు వర్తింపజేస్తే ఎలా ఉంటుందో ఆలోచించి మానేశాను. కౌన్సిలు మీటింగు మొదటి అయిదు నిమిషాల్లోనే ముగిసిపోతుంది.

మగవాళ్ళకు ఈ ఆటలో ప్రపంచ కప్పు 1989లో నెదర్లాండ్స్‌లో పెట్టిన ఫిఫా, ఆడవాళ్ళకు 2025 నవంబరులో ఫిలిప్పీన్స్‌లో పెట్టింది. బ్రెజిల్ గెలిచింది. మధ్యలో పోయింది 36 ఏళ్ళే. దీనికి ఫిఫాను ఆడిపోసుకునేవాళ్ళున్నారు గాని, బందరువాడిగా నాకా హక్కు లేదు. మా ఓడరేవుకు 2008లో ఒక ముఖ్యమంత్రి, 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. పునాదిరాళ్ళలో హ్యాట్రిక్ కొట్టిన ఊరు పక్కవాళ్ళ ఆలస్యాన్ని వేలెత్తి చూపితే బాగుండదు.

యోగ్యకర్తలో మనవాళ్ళు గట్టెక్కలేదు. మే నెలలో చైనాలోని హోహాట్‌లో అసలు పోటీ జరిగినప్పుడు, ఆడిన 12 జట్లలో మన పేరు లేదు. జపాన్ కప్పు పట్టుకుపోయింది. మనం ఎక్కడ దెబ్బతిన్నామో తెలుసుకుందామని కోనేరు సెంటర్లో టీ తాగుతూ మా పెదనాన్నను అడిగాను. ఆయనకు ఫుట్సాల్ తెలీదు గాని పంచాంగం కొట్టిన పిండి.

"ఎప్పుడాడార్రా?"

"జనవరి పదకొండు నుంచి పంతొమ్మిది దాకా, పెదనాన్నా."

"పుష్యమాసం! శూన్యమాసంలో ఎవడన్నా కొత్త పని మొదలెడతాడట్రా? నాలుగు రోజులాగి మాఘంలో పెట్టుకోండని చెప్పే పెద్ద దిక్కే లేకపోయాడా వాళ్ళకి?"

అదే మాసంలో కోళ్ళు ఆడాయి కదా, వాటికి పట్టింపు లేదా అన్నాను. సంక్రాంతికి మినహాయింపు ఉందన్నాడు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యలో కోచ్‌లున్నారు, ఫిజియోలున్నారు, వీడియో చూసి తప్పులు పట్టేవాళ్ళున్నారు. సిద్ధాంతి పోస్టు మాత్రం ఇంకా మంజూరు కాలేదు.

ఆ జట్టులో మన జిల్లాకు వాటా లేదా అని దిగులుపడనక్కర్లేదు. మన దేశం జట్టు ఎక్కడాడినా పైన ఎగిరే జెండా మూలం భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారి చేతి చలవే. జెండా మనం ఇచ్చాం. పరుగెత్తే కాళ్ళు కూడా మనమే ఇవ్వాలంటే మిగతా రాష్ట్రాలు ఏం చేస్తున్నట్టు?

"అయినా ఇక్కడ ఆడటానికి చోటేదిరా?" అన్నాడు పెదనాన్న. ఈ ప్రశ్న మీద ఈ డెల్టాలో అందరికీ ఏకాభిప్రాయం. దివిసీమ వైపు చూడండి, 1977 ఉప్పెన తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లున్నాయి. ఏడాదిలో గాలివాన రోజులు తప్ప ఖాళీ. కాని గది నడిమధ్యన స్తంభాలుంటాయి. ఆడితే అవే డిఫెండర్లు, ఏ కోచ్ తిట్టినా చోటు వదలవు. మిగిలిన చదును నేల చాలాచోట్ల రొయ్యల చెరువైంది. బందరు, గుడివాడల్లో రాత్రిపూట దీపాలు పెట్టి గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫులు ఉన్నాయి. అక్కడ కుర్రాళ్ళు బాక్స్ క్రికెట్ ఆడుతుంటారు, ఆడపిల్లలు బయట స్కూటీ మీద కూచుని అన్నయ్య ఎప్పుడొస్తాడా అని చూస్తుంటారు.

చోటు లేదన్న మాట అబద్ధమని నాకు గుడివాడలో తెలిసింది. మా మేనత్త మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళాను. పిల్ల ఎనిమిదో క్లాసు. ఫంక్షన్ హాలు ఒక చివర నుంచి ఇంకో చివరకి అడుగులు వేసుకుంటూ నడిచాను. సరిగ్గా ఫుట్సాల్ కోర్టు. నేల నున్నగా గ్రానైటు. నిండా ఏసీ, పైన లైట్లు, జనరేటరు, డ్రెస్సింగు రూములు రెండు, కెమెరాలు నాలుగు, పైన తిరిగే డ్రోను. ప్రత్యక్ష ప్రసారం కూడా ఉంది, అమెరికాలో ఉన్న పిన్నిగారి కోసం. ప్రపంచ కప్పు నిర్వహణకు ఫిఫా అడిగేవన్నీ ఆ హాల్లో ఉన్నాయి. లేనిదల్లా ఆట.

పిల్లను స్టేజీ మీద సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టారు. ఒంటి మీద కంచిపట్టు, నడుముకు వడ్డాణం, జడకు జడగంటలు. ఎదుట ఫొటోగ్రాఫరు "చిన్ డౌన్ అమ్మా" అంటున్నాడు. కింద మూలన, పేర్చిన ప్లాస్టిక్ కుర్చీల వరసలు రెండు గోల్‌పోస్టులు అనుకుని నలుగురైదుగురు పిల్లకాయలు ఖాళీ నీళ్ళ సీసా తన్నుతున్నారు. ఒకడు గట్టిగా తన్నేసరికి సీసా స్టేజీ మెట్లకు కొట్టుకుని, ఎగిరి పిల్ల కాళ్ళ దగ్గర పడింది. దొర్లుతున్న సీసాను ఆ పిల్ల పట్టు పరికిణీ అంచు కింద నుంచి అరికాలితో తొక్కి ఆపింది. తల దించలేదు, చిన్ డౌన్ కూడా చెడలేదు. పాదం పక్కకు వాల్చి సరిగ్గా తన్నినవాడి కాళ్ళ దగ్గరకే తిరిగి పంపింది. ఇదంతా నాలుగు సెకన్లలోపే.

"ఏవిటే ఆ కాళ్ళు! ఇంక నువ్వు పెద్దదానివయ్యావు," అంది మా మేనత్త. పెద్దదయినందుకే కదా ఇంత హాలు తీసుకున్నది. పెద్దయ్యాక హాలొచ్చింది, హాలొచ్చాక కదలొద్దన్నారు. బంతిని అరికాలితో తొక్కి ఆపడమే ఫుట్సాల్‌లో మొదటి పాఠం అని చెప్పబోయాను. ఈలోగా కోల్డ్ ఫైర్ పేల్చారు, నా మాట ఎవరికీ వినపడలేదు.

ఈ నేల ఆడపిల్లలకు ఆటలు రావంటే మాత్రం నేనొప్పుకోను. కోనేరు హంపి పుట్టింది గుడివాడలోనే. 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్, 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. తండ్రి అశోక్ గారు ఉద్యోగం మానుకుని మరీ కూతురికి ఆట నేర్పారు. ఎగువన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చింది. వాళ్ళిద్దరి పట్టుదల వాళ్ళ సొంతం. వాళ్ళ పేర్లు చెప్పి మా మేనత్త తీసిన సూత్రం మాత్రం ఊరిది: ఒకరిది కూర్చుని ఆడే ఆట, ఒకరిది నిలబడి ఆడే ఆట, రెండూ ముచ్చటగా ఉంటాయి. అంటే ఎదుగుదల సక్రమంగానే ఉంది. ఈ తరానికి నిలబడటం వచ్చింది, వచ్చే తరానికి నడక, ఆ పై తరానికి పరుగు. బ్యాడ్మింటన్‌లో పి.వి. సింధు పరుగెత్తలేదా అంటారేమో. వాళ్ళింట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళు. మనింట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ సీరియల్ చూసినవాళ్ళు.

పద్ధతి గల ఊళ్ళలో ఈ సమస్యకు వెనకటికి చక్కటి పరిష్కారం ఉండేది. మొవ్వ పక్క కూచిపూడిలో ఆడవేషాలన్నీ మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా జడ విసిరితే చూసిన ఆడవాళ్ళే అసూయపడేవారట. ఫుట్సాల్ ఆ రోజుల్లోనే ఇటు వచ్చి ఉంటే మహిళల జట్టును కూడా మనం మగవాళ్ళతోనే నింపి పంపేవాళ్ళం, ఎవరి పరువూ పోయేది కాదు. తర్వాత వెంపటి చినసత్యం గారి లాంటివాళ్ళు మద్రాసులో కూర్చుని ఆడపిల్లలకు నేర్పేశారు. ఇప్పుడు మన పిల్లలు ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, దాన్ని పాదాలతోనే ముందుకు వెనక్కు నడిపిస్తూ తరంగం ఆడుతున్నారు. తల్లిదండ్రులు ముందు వరసలో ఫోన్లు పైకెత్తి నిలబడతారు. అవే పాదాల కిందికి పళ్ళెం బదులు బంతి పెట్టండి, అదే తల్లిదండ్రులు "మోకాలు చితికితే పెళ్ళెలాగండీ" అంటారు. ఇత్తడి అంచు మీంచి పడితే మోకాలు చితకదు కాబోలు, కళ కదా.

మన దగ్గర ఎవరూ ఆడొద్దనరు, అది మన గొప్ప. ఇరాన్‌లో అయితే 2015లో మహిళల ఫుట్సాల్ కెప్టెన్ నీలూఫర్ అర్దలాన్‌కు పాస్‌పోర్టు కాగితం మీద మొగుడు సంతకం పెట్టలేదు. కొడుకు మొదటిసారి బడికెళ్ళే రోజున తల్లి ఇంట్లో ఉండాలన్నాడు. అక్కడి చట్టం ఆయన పక్షం. ఆమె ఇంట్లో ఉండిపోయింది, జట్టు మలేసియా వెళ్ళి ఆసియా కప్పు గెలుచుకొచ్చింది. ఆ తర్వాత నవంబరులో గ్వాటెమాల పోటీలకు ప్రభుత్వ న్యాయవాది ప్రత్యేకంగా అనుమతిస్తే వెళ్ళింది. ఇంతకీ ఆ మొగుడిగారి వృత్తి క్రీడా విలేకరి. మావాడే. కాబట్టి ఈ పేరాను ఇక్కడితో ఆపుతున్నాను.

మనకు అలాంటి చట్టం లేదు. సంతకం అవసరమే లేదు. తొమ్మిదో తరగతిలో "చదువు దెబ్బతింటుంది" అని ఒకరు, "సాయంత్రం ఆరు దాటాక ఏంటి" అని ఒకరు, "నిక్కరేంటి" అని ఒకరు అంటే చాలు. ఇన్ని సంతకాలు కలిపినా కాగితం మీద ఏమీ ఉండదు. కోర్టుకెళ్ళాలన్నా ఆధారం దొరకదు.

నేను మాత్రం వట్టి మాటలతో ఊరుకోలేదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, హాళ్ళు దుమ్ము కొట్టుకుని ఉంటాయి, నెల్లాళ్ళు చవగ్గా అద్దెకు తీసుకుని పదిమంది ఆడపిల్లలను రెండు జట్లు చేసి ఆడిద్దామని ఒక హాలు మేనేజరుకు ఫోన్ చేశాను.

"ఆషాఢంలో ఫంక్షనాండీ? ఎవరి పాపదండీ?"

"పదిమంది పాపలండీ."

"ఒకేసారా! మంచి ఆలోచనండీ, ఖర్చు కలిసొస్తుంది. కాకపోతే సింహాసనం కుర్చీ మా దగ్గర ఒకటే ఉందండీ. మిగతా తొమ్మిదీ బెజవాడ నుంచి తెప్పించాలి, ఆటో చార్జీలు మీవే."