గంపకోడి పద్యమునకు టీకా తాత్పర్యము

మూలము (ఆటవెలది)

గంప యెత్తి విడువు గడప దాటిన కోడి
తిండి తాను వెదకి తెచ్చుకొనును
మందు చుక్క కొఱకు మాత్రము లోభివై
కోళ్ళ నమ్ముకొనకు కొక్కెరకును

అవతారిక: సంచిమేతయు, ప్లాస్టిక్ నీళ్ళడబ్బాయు, ఇనుపవల గూడును సమకూర్చుకొననిదే పెట్ట గ్రుడ్డు పెట్టదని భ్రమించి, కోళ్ళకంటె ముందు కొట్టువానిని పోషింపబూనిన ఓబులదేవరచెరువు ప్రాంతపు నూతన గృహస్థు నుద్దేశించి ఈ పద్యము పుట్టినది. మూలకర్తయు వ్యాఖ్యాతయు నొక్కడే యగుటచే పాఠభేదముల బాధ లేదు.

టీక: గంప = రాత్రి పిల్లికిని పగలు గ్రద్దకును అడ్డముగ బోర్లించు బుట్ట; ఎత్తి = ప్రొద్దు పొడువగనే పైకి లేపి (ప్రొద్దెక్కి లేచువారి కోళ్ళు ఈ పద్యమునకు విషయములు కావు); విడువు = వదలుము; గడప దాటిన = పెరడు, దిబ్బ, కళ్లము పట్టిన; మందు చుక్క = టీకామందు; లోభివై = పిసినారివై; కొక్కెరకును = కొక్కెర తెగులునకు; అమ్ముకొనకు = ధర పుచ్చుకొనకయే యమ్మివేయకుము.

తాత్పర్యము: వాన తక్కువయు మెట్టచేను ఎక్కువయు నైన ఈ సీమలో, చెనిక్కాయ పెఱికి కళ్లమునకు చేర్చిన పిదప పరిగె యేరువారి కన్నుగప్పి మిగిలిన చితుకు కాయయు, నూర్పిడినాడు చెదరిన రాగిగింజయు, పేడదిబ్బలోని పురుగును, గట్టుమీది పచ్చగడ్డియు ఒకచోట కూర్చి చూచినచో, సంచిపై అచ్చొత్తిన పోషకములలో ముఖ్యమైనవన్నియు నందే కలవని తేలును. "కోడికి గూడా మేత కొనకచ్చి పెడ్తారా నాయనా?" అని ఈ ప్రాంతపు ముసలమ్మ లడుగుటలో న్యాయమున్నది. ఏడాదికి మున్నూరు గ్రుడ్లు పెట్టు ఫారము కోడికి సంచిమేత తప్పదు. ఆ లెక్కను నాటుకోడికి అంటగట్టుటయే తగని పని. దిబ్బ యెండిన వేసవిలో పాతకుండయందు తడిపిన గడ్డియు పేడయు కూరి పుట్టచెంత బోర్లించినచో తెల్లవారునప్పటికి చెదలు చేరును; కోడిపిల్లలకు అంతకంటె మేలైన విందు లేదు.

విశేషములు: చెనిక్కాయ చెక్క గానుగకడ చౌక, చెమ్మ తగిలి బూజుపట్టినది మఱింత చౌక, భయపడవలసినది అక్కడనే. 1960లో ఇంగ్లండున లక్షకు మించి టర్కీ కోళ్ళు కారణము తెలియక కూలిపోగా, శాస్త్రజ్ఞులు వెదకి వెదకి, బ్రెజిల్ నుండి వచ్చిన చెనిక్కాయ చెక్కలో బూజు పుట్టించిన అఫ్లాటాక్సిన్ అను విషమును పట్టుకొనిరి. కావున బూజుచెక్కను ఊరక యిచ్చినను పుచ్చుకొనరాదు. హిందూపురము, ధర్మవరము వైపు గూళ్ళనుండి పట్టు తీయగా మిగిలిన పురుగును ఎండబెట్టినచో సుమారు సగము బరువు మాంసకృత్తులే. అయినను మోతాదు మీఱెనేని గ్రుడ్డునకు ఆ కంపు పట్టును, పండుగకు వచ్చిన అల్లునికి సమాధానము చెప్పుట కష్టము. పేలకు పొయ్యిబూడిద, సున్నమునకు మెత్తగ నలిపిన గ్రుడ్డుపెంకు చాలును. పొదుగుటకు యంత్రమేల? ఇరువదియొక్క దినములు కరెంటు కోతలు లేక కూర్చుండు నాటుపెట్ట ఇంటనే యున్నది. పొదుగుడు మఱచిన వనరాజా జాతి గ్రుడ్లనుగూడ దాని క్రిందనే పెట్టవచ్చును.

లోభము కూడని తావు కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండున న్యూకాసిల్ చెంత కనబడి, మన దేశమున హిమాలయపు టూరైన రాణికేత్ పేర ప్రసిద్ధికెక్కిన ఈ తెగులు సోకెనేని, పచ్చని విరేచనముతో, మెలితిరిగిన మెడతో వీథి కోళ్ళన్నియు పోవలసినదే. వచ్చిన పిదప మందు లేదు. పిల్ల పుట్టిన మొదటి వారమున కంటగాని ముక్కునగాని ఒక లసోటా టీకా చుక్క, ఎనిమిదవ వారమునకు రెక్కక్రింద ఆర్‌టుబి టీకా సూది, ఇంతియే వ్యయము. చిక్కెల్ల టీకా సీసాది: అది వందల కోళ్ళకు సరిపడునది, మంచులో నుంచి తేవలసినది, కలిపిన పిదప ఒకటి రెండు గంటలలో ముగింపవలసినది, మజ్జిగవలె రేపటికి దాచరానిది. పది కోళ్ళవాడు ఒంటిగ కొన్నచో దండుగ. వీథివారెల్ల వాటాలు వేసికొన్నచో తలకు పడునది స్వల్పము. ఎనిమిది కోళ్ళు గలవాడు వాటా తగ్గునని ఐదే యని చెప్పినచో, దాచిన మూడింటిని చీకటిపడిన పిదప పట్టి తెచ్చు భారము పొరుగువారిది. అవి ఏ చెట్టుకొమ్మపై పండుకొనునో యజమానికంటె వారికే బాగుగ తెలియును.