బట్టలగుట్టకు సంజీవనీ వ్యాఖ్య

అవతారిక: కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాసిన మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయనని ఆయన నియమం. బోయిన్‌పల్లిలో ఒక మగడు తీసిన ఫొటోపై ఇల్లాలు చెప్పిన ఈ ఆటవెలదికి ఆ నియమం పాటించడం సుళువే. మూలంలో లేని వస్తువంటూ లేదు.

కుర్చిమీద బట్ట గుట్టగా పెరుగంగ
బల్లపైన బిల్లు పరచియుండ
సర్దుమన్న యాలి సణుగుడు వినడాయె
సెల్లు దీసి కొట్టె చిత్రమొకటి

ప్రతిపదార్థం: కుర్చిమీద = కూర్చోడానికని కొన్న కుర్చీమీద; బట్ట = ఒక పూట తొడిగి విడిచినవి, ఉతకబుద్ధి కానివి, బీరువాలో పెట్టబుద్ధి కానివి; గుట్టగా పెరుగంగ = ఇంకా పెరుగుతూనే ఉండగా; బల్లపైన = ఒక్క కంచం పట్టేంత జాగా మిగిలిన భోజనాల బల్లమీద; బిల్లు = జాత్యేకవచనం, కరెంటుదీ గ్యాసుదీ నల్లాదీ; వినడాయె = చెవికెక్కించుకోలేదు, చెవుడు లేదు; చిత్రమొకటి = ఒకటే అనడం కవయిత్రి ఔదార్యం, ఫోన్ నిండా అవే.

తాత్పర్యం: సర్దమంటే సర్దక, ఆ చిందరవందరనే కళ చేశాడని భావము.

విశేషాలు: స్వభావోక్తి. ఇది బద్ధకానికి వంక కాదా అని శంక. కాదని నాయకుడి వాదం. మన బోయిన్‌పల్లి మార్కెట్టులో కుళ్లిన కూరగాయలతో రోజుకు దాదాపు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో మెచ్చుకున్నారు, చెత్తలోంచి నేను బొమ్మ తీస్తే తప్పా అంటాడు. “దానికి మీటరుంది, మీ బొమ్మకేముందండీ?” అని ఇల్లాలు.

ఈ కళకు పూర్వులూ ఉన్నారు. 1844లో ఇంగ్లండులో తొలితరం ఫొటోగ్రాఫరు టాల్బట్ తెరిచిన తలుపుకు ఆనించిన చీపురుకట్టను ఫొటో తీశాడు. 1960లో కళాకారుడు డానియల్ స్పోరి తిని వదిలేసిన ఎంగిలి కంచాలు, కప్పులు ఎక్కడివక్కడే బల్లకు అతికించి, బల్లను గోడకు తగిలించాడు. మన సికింద్రాబాదులోనే ఫొటో స్టూడియో నడిపిన లాలా దీన్‌దయాళ్ ఈ జోలికి పోలేదు. నిజాం కొలువులో ఉన్నవాడికి బట్టల కుర్చీతో పనేమిటి?

ఇక్కడొక మర్మం. స్పోరి చెంచా కూడా కదపలేదు. మనవాడో, ఫొటోకు ముందు చిరిగిన బనీను చొక్కా కిందికి తోశాడు. నీలం లుంగీ మడత కాస్త కిందికి జార్చాడు. వెలుగు పడాలని కిటికీ పరదా పక్కకు లాగి కట్టాడు. ఇల్లాలి సాక్ష్యమిది. అంటే సర్దాడన్నమాట! సర్దడం చేతకాదనడానికి వీల్లేదు.

నాయకుడు నిశ్చింతుడు, కళాసక్తుడు కాబట్టి లక్షణగ్రంథాల ప్రకారం ధీరలలితుడు. ఫొటో బాగానే వచ్చింది. పెద్దది చేసి చూస్తే కరెంటు బిల్లు మీద గడువు తేదీ కూడా స్పష్టంగా కనిపిస్తోంది. అది పోయిన వారమే దాటింది.