బెండవిత్తనాల పొట్లానికి బాలబోధినీ వ్యాఖ్య

మూలము: “సారవంతమైన నేలలో విత్తి, అవసరాన్ని బట్టి నీరిచ్చి, చీడపీడలను నివారించి అధిక దిగుబడి పొందండి.”

అవతారిక: అజ్ఞాతకర్తృకమైన ఈ వాక్యము విత్తనాల పొట్లం వీపున వెలసినది. చీరాలలో కొత్తగా పెరటితోట పెట్టిన శిష్యుల కొరకు వ్యాఖ్యానించుచున్నాము. అవసరం లేనిది చెప్పనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. మేము చేయలేదు.

విత్తి, పొందండి: స్పష్టము.

సారవంతమైన నేల: చీరాలలో లేనిది. ఇక్కడిది తీరపు ఇసుక. పోసిన నీరు పోసినట్టే దిగిపోవును. ఎరువులోని సారమూ దాని వెంటే పోవును. చివికిన పశువుల ఎరువు దండిగా కలిపి, మొక్కల మొదళ్ల చుట్టూ ఎండుటాకులు కప్పి, నీరు కొద్దికొద్దిగా తరచు పెట్టమని ఒక్క ముక్క రాస్తే కవిగారి సొమ్మేం పోయింది?

అవసరాన్ని బట్టి: ఎవరి అవసరం? మొక్కదా, ఇసుకదా, కుళాయిదా? ససందేహాలంకారము. కుళాయి ప్రసక్తి వచ్చినది గనుక మున్సిపాలిటీ స్మర్తవ్యము. చీరాలలో మున్సిపాలిటీ అన్నాక ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య స్మర్తవ్యుడు. చీరాల పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో ఆయన నాయకత్వాన జనం ఏకంగా ఊరే వదిలేశారు. ఊరవతల రామనగరమని పేరు పెట్టి, పాకలు వేసుకుని, సుమారు 11 నెలలు ఉన్నారు. దుగ్గిరాల కూర్చిన రామదండు సేవకులు, ఆయన పాటలు, చమత్కారాలు! 11 నెలలంటే బెండకు మూడు పంటలు: 45 రోజులకు తొలికోత, మూడు నెలలు దాటితే మొక్క ముదురు. పాకల పక్కన ఎవరైనా నాలుగు గింజలు నాటారా అన్నది ఈ వ్యాఖ్యాత చిరకాల చింత. నాటినా పొట్లం చదివి మాత్రం నాటి ఉండరు. ప్రకృతము ననుసరింతము.

చీడపీడలను నివారించి: ఎలా నాయనా? ఆకు ఈనెలు పసుపుబారితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. పట్టిన మొక్కకు మందు లేదు, పీకి తగలబెట్టడమే. అర్క అనామిక లాంటి తట్టుకునే రకాలున్నాయి; ఈ పొట్లంలోది ఏ రకమో రాయలేదు. బెండ కనీసం 65 శాతం మొలవాలని ప్రమాణం ఉంది. పొట్లం మీద ఆ అంకె లేదు. గడువు తేదీ మీద ధర చీటీ అంటించారు. బెండకాయ బొమ్మ మాత్రం నిగనిగలాడుతోంది.

తాత్పర్యము: పండినచో పొట్లం మహిమ. పండనిచో నీ నేల సారవంతము కాదు, నీ నీరు అవసరాన్ని బట్టి లేదు, నీ నివారణ చాలలేదు. ఏ కోర్టులోనూ ఓడని వాక్యము.

ఫలశ్రుతి: చీటీ గోకి గడువు చూసి కొన్నవారికి బెండకాయలు పెరట్లో కాచును. ఈ వాక్యము నమ్మి కొన్నవారికి కూరగాయల మార్కెట్లో లభించును.