గోలకొండ తోటలో గుంటల పెద్దబాపు

ఊరికొక గుంటల పెద్దబాపు ఉంటాడు. లేకపోతే ఆ ఊరికి సర్వే నంబర్లు లేవని అర్థం. ఈయన పెండ్లికి పోతే పిల్లను చూడడు, ఫంక్షన్ హాలును చూస్తాడు. "ఇది ఎన్ని గుంటల్ల కట్టిన్రు?" అంటాడు. టీవీలో కోహ్లీ సెంచరీ కొట్టి బ్యాటు ఎత్తితే ఇల్లంతా చప్పట్లు కొడుతుంది, పెద్దబాపు మాత్రం "గా బయలు మొత్తం ఎన్నెకరాలుంటదిరా?" అని అడుగుతాడు. తిరుపతికి పోయి, క్యూలో పూటంతా నిలబడి, దర్శనం చేసుకొని బయటికొచ్చాక ఆయన నోట వచ్చిన మొదటి మాట, "కొండ మీద జాగకు మాత్రం ఎప్పటికీ ధర పడదు" అని.

పెద్దవంగర రకం పెద్దబాపు ఇంకొంచెం ముదిరినవాడు. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడదీసి, పెద్దవంగరను మండలం చేసి మహబూబాబాద్ జిల్లాలో కలిపేదాకా ఆయన మాటలన్నీ ఎకరాల్లోనే ఉండేవి. మండలం అయిన మర్నాటి నుంచి గజాల్లోకి దిగాడు. గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు, ఎకరానికి నలభై గుంటలు. ఈ రెండు లెక్కలూ వస్తే లోకంలో ఇక నేర్చుకోవలసింది లేదని ఆయన నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు.

ఈ పెద్దబాపు పట్నం వస్తే ఎక్కడికి తీసుకుపోవాలి? చార్మినార్ చూపిస్తే కింద డబ్బాకొట్టు కిరాయి అడుగుతాడు. ట్యాంక్‌బండ్ చూపిస్తే చెరువు శిఖం ఎవరెవరు కలుపుకున్నారో అడుగుతాడు, దానికి జవాబు చెప్పడం మన ఆరోగ్యానికి మంచిది కాదు. అందుకే నేను గోలకొండ కుతుబ్‌షాహీ సమాధుల తోట ఎంచుకున్నాను. చచ్చిపోయిన రాజుల జాగ, అమ్మకానికి లేదు, కాసేపు నోరు మూసుకుంటాడనుకున్నాను.

తొర్రూరులో బస్సెక్కి ఉప్పల్‌లో దిగారు, ఆయనా పెద్దమ్మా. పెద్దమ్మకు మహాలక్ష్మి జీరో టికెట్టు. ఆయన తన ఒక్కడి టికెట్టును ఇద్దరికీ పంచి, "తలా సగం పడ్డది" అని సంతోషంగా చెప్పాడు. సమాధుల దగ్గరికి పోయేసరికి ఎండ ఎక్కింది. గేటు దాటి ఇరవై అడుగులు వేశాడో లేదో, ఆగాడు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకొని ఈ మూల నుంచి ఆ మూలకు చూశాడు.

"ఎంతరా?"

"నూట ఆరు ఎకరాలు పెద్దబాపు. లోపల వందకు పైగా కట్టడాలున్నయి."

నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచేలోపే, "నాలుగువేల రెండొందల నలభై గుంటలు. ఐదు లక్షల పదమూడు వేల నలభై గజాలు," అని చెప్పేశాడు. తరువాత చూసుకుంటే సరిగ్గా అంతే. పెద్దమ్మ మాత్రం, "చచ్చినోళ్ళ కాడ గజాలు లెక్కబెట్టుడేంది, ముందుగాల దండం పెట్టరాదు," అని తాను పెట్టింది.

రాజుల సంగతి చెప్పబోయాను. సుల్తాన్ కులీ అనే ఆయన ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి బతకడానికి దక్కనుకు వచ్చి, బహమనీల కొలువులో పైకొచ్చి, గోలకొండలో తన రాజ్యం పెట్టుకున్నాడని చెప్పాను. ఎక్కువగా ఆయన వంశం వాళ్ళ సమాధులే ఇవి. చివరి సుల్తాన్ తానాషా సమాధి మాత్రం ఇక్కడ లేదు, 1687లో కోట పోయాక ఆయన దౌలతాబాద్‌లో ఖైదులోనే చనిపోయాడు అన్నాను.

"అయ్యో, గాయనకు ఇండ్ల పాలు రాలేదా? ఎవలు తిన్నరు?"

"ఔరంగజేబు."

"పాలోడా?"

"కాదు, ఢిల్లీ ఆయన."

"బయటోడు," అని తల ఊపాడు. మా ఊళ్ళో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. కుతుబ్‌షాహీల పతనం మీద ఇంత పొట్టి చరిత్ర నేనెక్కడా చదవలేదు.

ఇక తోట. ఇరాన్ వాళ్ళ తోట ఎట్లా ఉంటుందో చెప్పాలని నేల మీద పుల్లతో చదరం గీశాను. చుట్టూ గోడ, నడుమ రెండు నీటి కాలువలు అడ్డంగా నిలువుగా, అవి కలిసేచోట హౌజు, నాలుగు దిక్కులా నాలుగు మడులు. దీన్ని చహార్ బాగ్ అంటారు, రెండున్నర వేల ఏండ్ల కింద పసర్‌గాద్‌లో కైరస్ చక్రవర్తి తోట కూడా ఈ తీరుగానే ఉండేదట అని చెప్పాను. పెద్దబాపు గీత చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నలుగురు కొడుకులు."

"ఏంటి?"

"తండ్రి బతికుండంగనే నాలుగు పాళ్ళు చేసిండు. నీళ్ళు నడుమ పెట్టిండు, అందరికి సమానం. గెట్టు పంచాయితీ రాకుంట కాలువనే గెట్టు చేసిండు. తెలివిగలోడు!" అని కైరస్‌ను మెచ్చుకున్నాడు. ఖురాన్‌లో చెప్పిన స్వర్గపు నాలుగు నదుల పోలిక కూడా ఉందని నేను అందించబోయాను. "నదులైతే ఇంకా మంచిదే, బోరు ఖర్చు తప్పుతది," అన్నాడు.

నవ్వుకోండి. కానీ నాకు తెలిసిన గైడ్లలో ఒక్కరూ ఈ గీత చూసి మొదట నీళ్ళ సంగతి ఎత్తలేదు. గుమ్మటాల గురించి చెబుతారు, ప్రేమకథలు కల్పిస్తారు. ఎండిన నేలలో కూర్చొని నీళ్ళను ఎటు తిప్పాలా అని తలపట్టుకున్నవాడు కట్టిందే ఈ తోట. ఇరాన్‌లో కొండ కింది నుంచి మైళ్ళకు మైళ్ళు సొరంగం తవ్వి, వాలు మీద నీటిని ఊరిదాకా తెచ్చే ఖనాతులు లేకపోతే ఆ తోటల్లో చాలావాటికి చుక్క నీరుండేది కాదు. 2011లో యునెస్కో తొమ్మిది ఇరాన్ తోటలను కలిపి ప్రపంచ వారసత్వంలో చేర్చింది. ఈ తొమ్మిదింటినీ పెద్దబాపుకు చూపిస్తే పూల సంగతి ఒక్కదాంట్లోనూ అడగడు, తూము ఎక్కడుందని తొమ్మిదింటిలోనూ అడుగుతాడు.

బడీ బావోలీ దగ్గర అదే జరిగింది. 2013 వానలకు ఒక పక్క కూలిపోయిన ఈ మెట్లబావిని ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు మళ్ళీ రాయి మీద రాయి పేర్చి లేపారు. 2022లో గోలకొండ మెట్లబావులకు యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. అవార్డు మాట పెద్దబాపు చెవికి ఎక్కలేదు. వంగి గోడ రాళ్ళ సందు గోటితో గీకి చూశాడు. "డంగు సున్నం. సిమెంటు పెట్టలే, బతికిపోయిన్రు." పై అంచు వెంబడి నడిచి, ఎడ్లు ఇటు నుంచే నడిచి ఉంటాయనీ, ఇక్కడ మోట కొట్టారనీ తేల్చేశాడు. ఆ తరువాత మోట తోలుడు ఎంత కష్టమో అరగంట. మధ్యలో ఫొటోలు దిగడానికి వచ్చిన పెండ్లికొడుకు, పెండ్లికూతురు, గొడుగు పట్టుకున్న కెమెరా పిల్లగాడు నిలబడి విన్నారు. పిల్లగాడు, "తాతా, జరగరా, ఫ్రేములకొస్తున్నవ్," అన్నాడు. "నువ్వే జరుగు, బావిల పడతవ్," అన్నాడు పెద్దబాపు.

సద్ది అక్కడే ఒక చెట్టు కింద. సర్వపిండి, మామిడికాయ తొక్కు. తింటూ ఇస్ఫహాన్‌లోని చెహెల్ సుతూన్ గురించి చెప్పాను. పేరుకు నలభై స్తంభాల మేడ, నిజానికి ముందున్నవి ఇరవయ్యే, ఎదురుగా ఉన్న కోనేట్లో నీడ పడి నలభై అవుతాయంటారు.

పెద్దబాపు ముద్ద ఆపాడు. "నీళ్ళల్ల కనపడ్డయి సుత లెక్కలకు ఎక్కిచ్చిన్రా? మరి పట్టా పాసుబుక్కుల ఎంత రాసుకున్నరు?"

నేను చెప్పలేకపోయాను.

సాయంత్రం నయాఖిలాకు పోయాం. 1656లో ఔరంగజేబు దండెత్తి పోయాక అబ్దుల్లా కుతుబ్‌షా కోటకు కలిపిన కొత్త భాగం అది. కొన్నేండ్ల కిందట పురావస్తు శాఖ వాళ్ళు అక్కడ తవ్వితే కుతుబ్‌షాహీల నాటి తోట బయటపడింది. కాలువలు, తొట్లు, మట్టి గొట్టాలు. పక్కన హతియాన్ కా ఝాడ్, ఆఫ్రికా జాతి బావోబాబ్, బొజ్జలో మనుషులు దూరేంత లావు. పెద్దబాపు దాన్ని కింది నుంచి మీదికి చూసి, "ఇంత లావు పెరిగి దూలానికి పనికిరాదు," అని తీర్పు చెప్పి, మా ఊళ్ళో ఒకాయనను తలుచుకున్నాడు. పేరు రాయడం లేదు.

గొట్టం దగ్గర మాత్రం మనిషి మారిపోయాడు. తువ్వాల నేల మీద పరిచి, దాని మీద మోకాలు పెట్టి, ఒక కన్ను మూసి, కాలువ పొడవునా చూశాడు. ఆయన ఇంటి వెనక పొలంలో కొత్త కాలువ తీసినప్పుడు ఇట్లాగే చూస్తాడు. "వాటం చూడు బిడ్డా. గజానికి ఒక్క పోచ దిగింది. మోటరు లేదు, కరెంటు లేదు." లేచి తువ్వాల దులుపుకున్నాడు. "నీరటి ఎవలు వీళ్ళకు?"

ఇరాన్ పల్లెల్లో నీళ్ళు పంచే పెద్దమనిషిని మీరాబ్ అంటారు. అడుగున సన్న చిల్లున్న రాగిగిన్నెను నీటి కుండలో తేలేస్తాడు, అది నిండి మునిగితే ఒక వంతు అయినట్టు. ఎన్ని మునకలు ఎవరికో లెక్కపెట్టి కాలువ మలుపుతాడు. ఇది చెప్పేసరికి పెద్దబాపు ముఖం వెలిగిపోయింది. మా నీరటి వాచీ చూసుకొని కూడా రాత్రిపూట ఎవరికో ఎక్కువ వదిలేవాడట. పొద్దున్నుంచి నేను చెప్పినవాటిలో ఆయన నిజంగా మెచ్చింది ఈ ఒక్కటే. రాజులు, గుమ్మటాలు, 1591లో హైదరాబాదు పుట్టుక అన్నీ ఆ రాగిగిన్నె ముందు తేలిపోయాయి.

ఊరికి పోయాక అరుగు మీద ఆయన చెప్పింది నాకు పెద్దమ్మ ఫోన్లో వినిపించింది. "నూట ఆరు ఎకరాలు. మంచి బావి. వాటం బంగారం. పంట మాత్రం ఏస్తలేరు. కందులేస్తే అంతరపంటకు ఏమన్న మిగులుతది." ఇరాన్ తోటల్లో దానిమ్మ లాంటి పండ్ల చెట్లు పూల మధ్యనే పెంచేవాళ్ళు కాబట్టి, ఈ సలహాను ఇరాన్ వాళ్ళు కూడా కాదనరు.

మీ ఊరి నుంచీ ఇట్లాంటి పెద్దబాపు ఈ సీజన్లో రావచ్చు. తప్పకుండా సమాధుల తోటకు తీసుకుపోండి. గైడును మాత్రం మాట్లాడకండి. ఇద్దరికీ పొసగదు, పైగా డబ్బులు ఇవ్వవలసింది మీరు.